బరోలో నోరు ఎందుకు పట్టేస్తుంది?

ప్రశ్న: ఇటలీ బరోలో వైన్ గొప్పదంటారు. సీసా తెరిచి తాగితే నోరంతా వగరు, అడుగున మడ్డి, రంగూ పలచనే. సరుకు పాడైందా?

జవాబు: మీరు చెప్పినవేవీ పాడైన గుర్తులు కావు. బరోలోను ఇటలీ వాయవ్యాన ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలో నెబ్బియోలో ద్రాక్షతోనే చేస్తారు. దాని తొక్కలో రంగు తక్కువ, టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. లాలాజలంలోని ప్రొటీన్లకు టానిన్ అతుక్కోవడం వల్లే ఆ వగరు. అందుకే చట్టం కనీసం 38 నెలలు మాగబెట్టమంటుంది. అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. ఇంకా ఎక్కువ కాలం మాగే ‘రిజర్వా’ రకానికైతే మొత్తం 62 నెలలు.

ఈ పీపాల మీదే అక్కడ పెద్ద తగవు నడిచింది. 1980ల నుంచి కొందరు బరీక్‌లనే 225 లీటర్ల చిన్న కొత్త ఓక్ పీపాలు తెచ్చి, తొక్కలను కొద్ది రోజులే నాననిచ్చి, వైన్‌ను త్వరగా మెత్తబరిచారు. పాత పద్ధతి బరోలో తయారీదారు బార్తోలో మాస్కరెల్లో ససేమిరా అన్నారు. 2005లో కన్నుమూసేదాకా పెద్ద పీపాలనే నమ్ముకున్నారు. వాటిలో వైన్‌కు చెక్క తగిలేది తక్కువ, ద్రాక్ష పరిమళం నిలుస్తుంది. కన్నూబి, సాన్ లొరెంజో, రుయె, రోక్కె తోటల పండ్లు కలిపి ఒకే బరోలో చేసేవారు. ‘బరీక్ వద్దు, బెర్లుస్కోనీ (ఇటలీ రాజకీయ నేత) వద్దు’ అని లేబుల్ మీదే రాసిన మనిషి మరి!

ఈసారి సీసాను ఒక రోజు ముందే నిలబెట్టండి. కుదపకుండా జగ్గులోకి వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపండి. పదేళ్ల లోపు వైన్‌కు రెండు మూడు గంటలు గాలి తగలాలి. బాగా పాతదైతే అంతసేపు వద్దు, వాసన ఎగిరిపోతుంది. 16–18 డిగ్రీల్లో పోయండి. మరీ చల్లబరిస్తే వగరు ఇంకా తెలుస్తుంది.