ఆంప్యూల్ ఒకటే, మోతాదులు రెండు
పారామెడికల్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చెన్నైలో ఎమర్జెన్సీ కేర్ కోర్సు చివరి ఏడాది చదువుతున్నాను. మాది నాయుడుపేట. వైవాలో అడ్రినలిన్ మోతాదు అడిగితే ప్రతిసారీ తడబడుతున్నాను. ఒకసారి 1 మి.గ్రా. అంటాను, ఇంకోసారి అర అంటాను. పరీక్షలకు నెలే ఉంది. మందులన్నీ మళ్లీ ఎలా చదవాలి?
– ఒక విద్యార్థిని, పోరూరు

జవాబు: మీరు చెప్పిన అంకెలు రెండూ సరైనవే అమ్మా. ఏది ఎప్పుడన్నది రోగి నాడి చెబుతుంది.

నాడి లేదంటే గుండె ఆగింది. రక్తం కదిలేది మీరు ఛాతీ నొక్కినంతసేపే. కండలోకి ఇచ్చిన మందు అక్కడే ఉండిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు 1 మి.గ్రా. సిరలోకి, 3 నుంచి 5 నిమిషాలకొకసారి. వెంటనే 20 మి.లీ. సెలైన్ ఎక్కించి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి, లేకపోతే మందు మోచేతి దగ్గరే ఆగుతుంది.

అనఫిలాక్సిస్‌లో (ప్రాణం మీదికి తెచ్చే తీవ్ర అలర్జీలో) గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా., తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. ఆ కండకు రక్తప్రసరణ ఎక్కువ, మందు త్వరగా అందుతుంది. 5 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అంతే. ఇక్కడ పొరపాటున 1 మి.గ్రా. సిరలోకి తోస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, గుండె లయ తప్పుతుంది. బతికే మనిషిని మన చేతులతో ప్రమాదంలోకి నెట్టినట్టే.

ఇక ఆంప్యూల్, అంటే మందు ఉండే చిన్న గాజు సీసా. మన దగ్గర దొరికే 1 మి.లీ. ఆంప్యూల్‌లో 1 మి.గ్రా. ఉంటుంది. 1:1000 అంటే అదే: 1000 మి.లీ.లో 1 గ్రాము. దానికి 9 మి.లీ. సెలైన్ కలిపితే 1:10,000 అవుతుంది, మి.లీ.కి 0.1 మి.గ్రా. పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. 15 కిలోల బిడ్డకు 0.15 మి.గ్రా. కావాలి. గుండె ఆగితే పలచన చేసినది 1.5 మి.లీ. సిరలోకి, అనఫిలాక్సిస్ అయితే పలచన చేయనిది 0.15 మి.లీ. కండలోకి. ఇంత చిన్న పరిమాణానికి 1 మి.లీ. సిరంజి వాడండి. ఇన్సులిన్ సిరంజి మాత్రం వద్దు. దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి, మి.లీ.కి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి, తొందరలో కళ్లు మోసపోతాయి. సూది కూడా పొట్టిది, మందు కండదాకా పోకుండా చర్మం కిందే ఉండిపోతుంది.

మిగతా మందులూ ఇలాగే చదవండి. తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి: ఎంత, ఏ మార్గంలో, ఎన్నిసార్లు, తప్పితే ఏమవుతుంది. పుస్తకం మూసి రాయండి, తర్వాతే తెరిచి దిద్దుకోండి. మర్నాడు, మూడోనాడు, వారానికి మళ్లీ ఖాళీ కాగితంతో మొదలుపెట్టండి. గీతలు గీసుకుంటూ పదిసార్లు చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, వైవాలో రాదు. నాలుగో గడి ఖాళీగా ఉన్న మందు మీకు ఇంకా రానట్టే లెక్క. ఉదాహరణకు గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్: పై బీపీ 90 కంటే తక్కువుంటే ఇవ్వకూడదు, గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రా లాంటి మాత్ర) వేసుకున్నాడేమో అడగాలి. అడగకపోతే బీపీ పాతాళానికి పోతుంది. బంధువుల ముందు అడిగితే రోగి చెప్పడు, వాళ్లను పక్కకు పంపి అడగండి.

ప్రశ్న: మాది అనంతపురం. క్లినికల్ పోస్టింగులో నేను వేసే జీసీఎస్ స్కోరు (కళ్లు, మాట, కదలికలు చూసి రోగి స్పృహకు వేసే మార్కులు) సిస్టర్ స్కోరుతో కలవడం లేదు. రోగులంతా తమిళమే మాట్లాడతారు.
– ఒక విద్యార్థి, పెరంబూరు

జవాబు: మీ ప్రశ్న రోగికి అర్థం కాకపోవడం వేరు, రోగి అయోమయంలో ఉండటం వేరు. రెండోదానికే మాటల్లో 4. మొదటిదానికి మార్కు తగ్గిస్తే లేని తలగాయాన్ని కాగితం మీదికి తెచ్చినట్టు. ఈ నాలుగు ముక్కలు నోటికి నేర్చుకోండి: ‘ఉంగ పేరు ఎన్న?’, ‘ఇప్ప ఎంగ ఇరుక్కీంగ?’, ‘ఇదు ఎన్న మాసం?’, ‘కైయ తూక్కుంగ’. పేరు, చోటు, నెల, చెయ్యెత్తమనడం. జవాబు పొంతనగా ఉందో లేదో తోడొచ్చినవాళ్లను అడిగి నిర్ధారించుకోండి.

ఎక్కువమంది తప్పేది కదలికల దగ్గర. మెడ పక్క కండరాన్ని గానీ కనుబొమ ఎముక అంచును గానీ నొక్కితే చెయ్యి కాలర్ ఎముక పైదాకా వచ్చి తోసేస్తే 5. మోచెయ్యి మామూలుగా ముడిచి వెనక్కి లాక్కుంటే 4. నెమ్మదిగా, వింతగా, ఛాతీ మీదికి ముడుచుకుంటే 3. చాచుకుంటే 2. రెండు చేతుల్లో మెరుగైనది రాయాలి. కళ్లు వాచి మూసుకుపోయినవారికి 1 వేయకండి, చూడటం కుదరలేదని రాయండి. కళ్లు, మాట, కదలిక విడివిడిగా రాయడం తప్పనిసరి. ఉత్త ‘9’ చూసి అవతలి డాక్టరుకు ఏదీ తెలియదు. స్కోరు తక్కువొస్తే ముందు వేలి నుంచి చక్కెర చూడండి. చక్కెర పడిపోయిన మనిషి అచ్చం తలకు దెబ్బ తగిలినవాడిలాగే ఉంటాడు.

ప్రశ్న: అంబులెన్సులో ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందో ఎలా లెక్కకట్టాలి?
– ఒక విద్యార్థి, వ్యాసర్పాడి

జవాబు: సిలిండర్ నీటి సామర్థ్యాన్ని (లీటర్లలో) గేజి చూపే ఒత్తిడి అంకెతో (బార్‌లలో) గుణించి, నిమిషానికి ఇచ్చే లీటర్లతో భాగించండి. 10 లీటర్ల సిలిండర్, ముల్లు 100 దగ్గర, ధార 10 లీటర్లు అయితే 100 నిమిషాలు. కానీ గేజిలో 20 వదిలేసి లెక్కేయండి, 80 నిమిషాలే మీవి. తాంబరం నుంచి సెంట్రల్ దాకా సాయంత్రం రద్దీలో ఆ తేడాయే కాపాడుతుంది. సంచి ఉన్న మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు కావాలి. వాల్వు మీద వేలు పెట్టి సంచి నిండాకే ముఖానికి తొడగండి. ఊపిరి పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతుంటే ధార చాలట్లేదని అర్థం, పెంచండి. రెగ్యులేటర్ బిగించే చేతికి నూనె, గ్రీజు అంటి ఉండకూడదు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ తగిలితే అవి అంటుకుంటాయి.