వాసన సంచా, సువాసన సంచా?

సందేహం: చిన్న బట్ట ముక్కలతో సంచులు కుట్టి, ఎండిన గులాబీ రేకులూ లవంగాలూ నింపి, మూతి కుట్టేసి బీరువాలో బట్టల మధ్య పెట్టుకుంటాం కదా, ఆ పని మీద ఒక వ్యాసం రాశాను. అందులో 'వాసన సంచులు కుట్టుతున్నాను' అన్న వాక్యంలో రెండు తప్పులున్నాయంటోంది నా స్నేహితురాలు. వాసన అంటే చెడ్డ అర్థం వస్తుందట, 'పరిమళ సంచులు' అనాలట. 'కుడుతున్నాను' అని రాయాలట. నిజమేనా?

సమాధానం: క్రియ విషయంలో ఆమె మాటే సరి. పెట్టు, కట్టు, కొట్టు, చుట్టు లాంటి క్రియల తర్వాత '-తున్నాను' వస్తే 'ట్టు' కాస్తా 'డు' అవుతుంది: పెడుతున్నాను, కడుతున్నాను, కుడుతున్నాను. '-తే' చేరినా అంతే. 'అంచు మడిచి కుడితే పోగులు ఊడిరావు' అంటాం. కుట్టి, కుట్టిన, కుట్టాలి, కుట్టుకుంటున్నాను అనేవాటిలో మాత్రం 'ట్ట' అలాగే నిలుస్తుంది.

వాసన సంగతి అంత తేలిక కాదు. అది పుట్టుకతో చెడ్డ మాట కాదు. మల్లెల వాసన, తడిసిన మట్టి వాసన అంటే ఎవరూ ముక్కు మూసుకోరు. పక్కన ఏ మాట ఉందన్నదే ముఖ్యం. 'బీరువా తీస్తే లవంగాల వాసన వస్తోంది' అంటే హాయిగా ఉంటుంది. 'బీరువా వాసన కొడుతోంది' అంటే బట్టలన్నీ తీసి ఎండలో వేయాల్సిందే! దేని వాసనో చెప్పకుండా వదిలేస్తే ఇవాళ్టి తెలుగులో మనసు చెడు వైపే పోతుంది. 'కంపు'కూ ఇదే గతి పట్టింది. పాత కావ్యాల్లో అది పూల పరిమళం కూడా. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే సుగంధమే. మనకు దుర్గంధమే మిగిలింది.

కాబట్టి 'వాసన సంచి' వ్యాకరణ దోషం కాదు కానీ, చదివేవాళ్లు ఒక క్షణం తడబడతారు. 'లవంగాల వాసన సంచి' అంటే ఆ ఇబ్బంది లేదు.

మీ స్నేహితురాలు చెప్పిన 'పరిమళ సంచి' నాకు అతుకులా వినిపిస్తుంది. సంచి తెలుగు మాట. దాని ముందు పరిమళము చివరి 'ము' కాస్తా 'పు'గా మారి 'పరిమళపు సంచి' అయితేనే నాలుకకు సాఫీగా ఉంటుంది. వాసనకు చివర 'ము' లేదు గనక 'సువాసన సంచి' అని నేరుగా కలిపేయవచ్చు. పని నేర్పే వ్యాసానికి నేనైతే దీన్నే వాడతాను.

ఇంకో మాట కూడా ఉంది: తావి, అంటే పరిమళం. 'బంగారానికి తావి అబ్బినట్టు' అనే నానుడిలో ఉన్నది ఇదే. వ్యాసానికి 'తావి సంచులు' అని పేరు పెడితే నాకు చాలా ఇష్టం. అయితే ఈ మాట తెలియనివాళ్లు చాలామందే ఉంటారు, మొదటి వాక్యంలోనే అర్థం చెప్పేయండి.