మీ ప్రశ్నలు – మా జవాబులు: నెల వెచ్చాల లెక్క

ప్రశ్న: మేం ఇంట్లో అయిదుగురం. సూపర్ మార్కెట్‌లో ఆఫర్లు చూసుకునే కొంటున్నాం. బిల్లు పదిహేను వందలు దాటితే నూట యాభై తగ్గించే కూపన్ వాడతాం, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నవీ తెచ్చుకుంటాం. అయినా నెల ఖర్చు తగ్గట్లేదండి. డబ్బు ఎక్కడ పోతోందంటారు?
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: ముందు ఆ కూపన్ సంగతే చూద్దామండి. మీకు నిజంగా కావలసిన సరుకు 1,180 రూపాయలది అనుకోండి. కూపన్ కోసం ఇంకో 320 రూపాయల వస్తువులు బుట్టలో వేసుకున్నారు. 1,500లో 150 పోగా కట్టింది 1,350. అంటే చేతిలోంచి 170 రూపాయలు అదనంగా వెళ్లింది. ఆ 320 పెట్టి కొన్నవి వచ్చే నెలకు ఎలాగూ కావలసిన సబ్బులు, ఉప్పు, అగ్గిపెట్టెలు అయితే 150 మీకు మిగిలినట్టే. చిప్స్, కూల్‌డ్రింక్స్ అయితే 170 పోయినట్టే. అందుకే వెచ్చాల చీటీ ఇంట్లోనే రాసుకోండి. దాని అడుగున గీత గీసి, పాడవనివీ వచ్చే నెలకు పనికొచ్చేవీ నాలుగైదు రాసి పెట్టండి. కూపన్‌కు తక్కువ పడితే ఆ గీత కింద నుంచే నింపండి.

ఫోన్‌లో వచ్చే కూపన్లలో ఇంకో మెలిక ఉంది. ‘20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 75 రూపాయలు’ అంటారు. 375 రూపాయల బిల్లు దగ్గరే ఆ 75 వచ్చేస్తుంది. 1,500కు కొన్నా అదే 75, అంటే 5 శాతమే. పైగా డెలివరీ, హ్యాండ్లింగ్ పేరుతో వేసేవి చివరి పేజీలో కనిపిస్తాయి. డబ్బు కట్టే ముందు ఆ పేజీ చదవండి. చాలా కూపన్లు నూనె, పంచదార, బియ్యానికి వర్తించవు. మన ఖర్చులో పెద్ద వాటా వాటిదే కాబట్టి షరతుల్లో ముందు వెతకాల్సింది ఆ మాటే.

ఇక ఉచితం సంగతి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 180, ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ఒక్కోటి 90 పడినట్టు. ఆ సరుకే మామూలు రోజున మీ వీధి కొట్లో 100కు ఇస్తుంటే మీకు మిగిలింది ప్యాకెట్‌కు పది రూపాయలు, తొంభై కాదు. తగ్గింపును ఎమ్మార్పీతో కాదు, మీరు మామూలుగా కొనే ధరతో పోల్చాలి. ఆ ధర గుర్తుండదు కనుక ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. డబ్బు ఎక్కువ లాగే ఓ ఇరవై సరుకులు చాలు: బియ్యం, నూనె, కందిపప్పు, మినపప్పు, పంచదార, చింతపండు, కాఫీపొడి, సబ్బులు ఇలాగ. తేదీ, కొట్టు, నికర బరువు, ధర, కిలోకి ఎంత పడింది – ఈ అయిదు గడులు. మూడు నాలుగు నెలలు రాస్తే ఏ ఆఫర్ నిజమో, ఏది పేరుకో మీకే తేటతెల్లమవుతుంది. కూపన్ల కంటే ఈ పుస్తకం మీదే మాకు నమ్మకం ఎక్కువ.

ప్రశ్న: సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్లు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ధరలు మాత్రం వేరు. ఏది చవక?
– తణుకు

జవాబు: ప్యాకెట్ ఎత్తు చూడకండి, నికర బరువు చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా అదే ఆకారంలో వస్తున్నాయి. ఉదాహరణకు లీటరు ప్యాకెట్ 160, పక్కనున్న 800 గ్రాములది 145 అనుకోండి. రెండోదే చవక అనిపిస్తుంది. లెక్క కడితే మొదటిది కిలో సుమారు 176, రెండోది 181. ఎమ్మార్పీ దగ్గరే యూనిట్ ధర కూడా ముద్రిస్తారు. కిలో లోపు ప్యాకెట్ మీద అది గ్రాముకి, కిలో దాటితే కిలోకి ఉంటుంది. గ్రాము ధరను వెయ్యితో హెచ్చిస్తే పోల్చుకోవచ్చు. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టినది. కొట్లో తగ్గించి ఇస్తే మీరే మళ్లీ లెక్క వేసుకోవాలి.

డబ్బా కొనేవాళ్లు మరీ జాగ్రత్త. 15 కిలోల డబ్బా వేరు, 15 లీటర్ల డబ్బా వేరు. లీటర్ల డబ్బాలో నూనె పదమూడున్నర కిలోల పైచిలుకే ఉంటుంది.

ప్రశ్న: బియ్యం బస్తా 26 కిలోలని ఎందుకు అమ్ముతున్నారు? అది కొంటే లాభమేనా?
– అమలాపురం

జవాబు: పన్ను వల్లనండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే లేదు. అందుకే మిల్లర్లు 26 కిలోలకు మారారు. లాభమా కాదా అంటే కిలో ధరే చెప్పాలి. 25 కిలోలది 1,450 అయితే కిలో 58, 26 కిలోలది 1,482 అయితే 57.

డెల్టాలో ఉన్న మనకు ఇంకో దారి ఉంది. సార్వా (వానాకాలపు పంట) ధాన్యం ఆడించే మిల్లు దగ్గరే విడిగా కొనడం. అన్నానికి సార్వా బియ్యమే తీసుకోండి. దాళ్వా (రెండో పంట) ధాన్యం ఎండల్లో కోతకొస్తుంది, ఉడకబెట్టకుండా పచ్చిదే ఆడిస్తే నూక ఎక్కువ పోతుంది. కొత్త బియ్యం చవకగా వస్తుంది కానీ అన్నం ముద్దవుతుంది, ఒదగదు. కోత కాలంలో కొని ఆరు నెలలు నిలవ పెట్టుకునే చోటు ఇంట్లో ఉంటేనే ఆ చవక మీది.

ప్రశ్న: చవకని పప్పులు ఎక్కువ కొంటే వానాకాలంలో పురుగు పట్టి పారబోస్తున్నాం. ఎలా నిలవ చెయ్యాలి? ఏది ఎప్పుడు కొనాలి?
– పాలకొల్లు

జవాబు: మన గాలిలో చెమ్మ ఎక్కువ, తప్పు మీది కాదు. కొన్న రోజునే డబ్బాలో పోసెయ్యడం వల్లే చాలావరకు నష్టం. కందిపప్పు రెండు మూడు రోజులు మంచి ఎండలో పల్చగా ఆరబోయండి. సాయంత్రం తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి ముక్కిపోతుంది, అసలు చెడేది ఇక్కడే. చల్లారాక కిలోకి ఒక చెంచా ఆముదం అరచేతులకు రాసుకుని పప్పుకు పట్టించండి. డబ్బా తడి లేకుండా ఎండబెట్టి, పైదాకా నింపి, బిగించండి. నెలకు సరిపడా పప్పు చిన్న డబ్బాలోకి తీసుకుని పెద్దది మూసి ఉంచండి. రవ్వ, శనగపిండి ఆఫర్లో ఎక్కువ తెస్తే ప్యాకెట్ విప్పకుండా నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచి, బయట పెట్టి చలి పూర్తిగా పోయాకే విప్పండి. చల్లగా ఉండగా విప్పితే తేమ పట్టేస్తుంది. బియ్యప్పిండి, కారం, మసాలా పొడులు మాత్రం ఎంత తగ్గింపు ఇచ్చినా రెండు నెలలకు మించి కొనవద్దు.

ఇక కాలాలు. వరి కోశాక మన చేలల్లో వేసిన మినుములు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. గుళ్లకన్నా పొట్టుతో ఉన్న మినుములే ఎక్కువ కాలం నిలుస్తాయి. చింతపండు, ఎండుమిర్చి వేసవి మొదట్లో. చింతపండు గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెడితే ఏడాది ఉంటుంది, రంగు నల్లబడినా పులుపు పోదు. ఉల్లిపాయల్లో వేసవిలో వచ్చే మహారాష్ట్ర పాయ నిలుస్తుంది. దసరా తరవాత వచ్చేది కొత్త పాయ, త్వరగా మొలకెత్తి కుళ్లుతుంది. తాడేపల్లిగూడెం మార్కెట్‌లో బస్తా లెక్కన చవకని ఆ రోజుల్లో ఎగబడకండి. పది కిలోల బస్తా ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగులు పంచుకోవడం మేలు.

ప్రశ్న: కార్తీకంలో కూరగాయల ధరలకు తట్టుకోలేకపోతున్నాం.
– రాజమండ్రి

జవాబు: ఆ నెలలో మాంసం మానేసేవాళ్లు ఎక్కువ కనుక కూరగాయలకు గిరాకీ పెరుగుతుంది. రైతు బజారులో బోర్డు మీద రాసిన ధర చూసుకుని బయట బేరమాడండి. ఆకుకూరలు సాయంత్రం మూత వేసే వేళ తగ్గించి ఇస్తారు, కానీ అవి అదే రాత్రికి వండాలి. అరటికాయ, కంద, చేమ, గుమ్మడి మన దగ్గరే పండేవి. రోజూ బెండ, దొండ కోసమే చూడకుండా వారంలో రెండు పూటలు వీటికి మళ్లించండి.

ప్రశ్న: అరలో రాసిన ఆఫర్ ధర ఒకటి, బిల్లులో పడింది ఇంకొకటి. ఏం చెయ్యాలి?
– కాకినాడ

జవాబు: కౌంటర్ దాటకముందే పట్టుకోవాలి. ఆఫర్ వస్తువులు అన్నిటికన్నా చివర స్కాన్ చేయించండి, తెర మీద ధర కనపడుతుంది. అరలోని చీటీని ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆఫర్ 500 గ్రాములకైతే 450 గ్రాముల ప్యాకెట్‌కు పడదు, తేడాలు ఎక్కువగా అక్కడే వస్తాయి. ఉచిత ప్యాకెట్ బిల్లులో సున్నాకు రావాలి, లేదా తగ్గింపు విడిగా కనపడాలి. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవడం నేరం. బిల్లూ ప్యాకెట్టూ దాచి తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చెయ్యవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు రాసుకుంటారు. బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్ని వారాల్లో వెలిసిపోతాయి, కాబట్టి దాన్నీ ఆ రోజే ఫొటో తీయండి.