టీవీ వాళ్లు ఇల్లు ఉచితంగా బాగుచేసినా పన్ను కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఒక టీవీ చానల్ మహిళలకు పెట్టిన పోటీలో నేను గెలిచాను. బహుమతిగా మా వంటగదిని, హాలును తమ ఖర్చుతో కొత్తగా తీర్చిదిద్దుతామన్నారు. తీరా ఇప్పుడు, ఆ పని విలువ 8 లక్షల రూపాయలనీ, పన్ను కింద 2,49,600 రూపాయలు ముందుగా మేమే కట్టాలనీ అంటున్నారు. మావారిది చిన్న ఉద్యోగం, ఆయన జీతానికే పన్ను పడదు. అమెరికాలో ఇలాంటి బహుమతిని ఇంటి అద్దెగా చూపించి పన్ను తప్పించుకున్నారని మా తమ్ముడు చెబుతున్నాడు. ఇక్కడ అలా కుదరదా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: వాళ్లు చెప్పిన లెక్క సరైనదే. బహుమతి కోసం పోటీపడే టీవీ కార్యక్రమాల్లో గెలిచినదాన్ని కూడా లాటరీ, పేకాట, గుర్రప్పందేల గెలుపుతో సమానంగా చూడాలని 2002 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో స్పష్టం చేశారు. 1961 నాటి చట్టం 115బిబి సెక్షన్ ప్రకారం దీనిపై 30 శాతం పన్ను, ఆ పన్నుపై 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం పడుతుంది. (2025లో చేసిన కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1; అందులో సెక్షన్ల సంఖ్యలు వేరు.) మీకు మరే ఆదాయమూ లేకపోయినా కనీస మినహాయింపు పరిమితి దీనికి వర్తించదు, పోటీకి వెళ్లివచ్చిన ఖర్చులను తగ్గించుకోవడానికీ వీల్లేదు. గెలిచింది మీరు కాబట్టి ఈ ఆదాయం మీ పాన్ మీదే చూపాలి. మీవారి జీతంతో దీనికి సంబంధం లేదు.

నగదు బహుమతి అయితే నిర్వాహకులు పన్ను కోసుకుని మిగిలినది చేతికిస్తారు. వంటగదిలో కోసుకోవడానికి నగదు ఉండదు గనుక, పన్ను చెల్లింపు జరిగిందని నిర్ధారించుకున్న తరువాతే బహుమతిని అప్పగించాలని 194బి సెక్షన్ వారిని ఆదేశిస్తోంది. ముందే కట్టమనడం వెనుక ఉన్న కారణం ఇదే. అయితే ఆ డబ్బును ఏ ప్రతినిధి సొంత ఖాతాకూ పంపకండి. బహుమతి పన్ను పేరుతో డబ్బు కాజేసే మోసాలు మనకు కొత్త కాదు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మీ పాన్‌తో ముందస్తు పన్ను చలానా మీరే కట్టి, దాని నకలు చానల్‌కు ఇవ్వండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది 8 లక్షల సంగతి. ఆ విలువను ఎవరు, ఎలా కట్టారు? పన్ను పడేది మీకు నిజంగా అందినదాని మార్కెట్ విలువ మీద గానీ, ప్రాయోజకులు తమ సరుకు గొప్ప చాటుకోవడానికి తెర మీద వేయించే ధర మీద కాదు. చెక్కపనికి, గ్రానైట్‌కు, సోఫాకు విడివిడిగా బిల్లులు అడగండి. గుంటూరులోనే ఇద్దరు పనివారి చేత అదే పనికి అంచనా వేయించి, తేడా ఎక్కువగా ఉంటే రాతపూర్వకంగా తెలియజేయండి. హాలు పని వద్దు, వంటగది చాలు అనే హక్కు కూడా మీకుంది. పన్నుకు అప్పు చేయాల్సిన పరిస్థితి ఉంటే, నేనైతే హాలు పని వదులుకోమనే చెబుతాను. ఆదాయపు పన్ను రిటర్న్‌ను ఐటీఆర్-1 ఫారంలో కాక ఐటీఆర్-2 ఫారంలో వేయాలి.

మీ తమ్ముడు చెప్పింది కల్పన కాదు. అమెరికాలోని ఏబీసీ చానల్‌లో 2003 నుంచి 2012 వరకు సాగిన 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' నిర్మాతలు, చిత్రీకరణ జరిగిన కొద్ది రోజులకు ఇంటిని అద్దెకు తీసుకున్నట్టు, చేసిన పనులే ఆ అద్దె అన్నట్టు ఒప్పందం రాసుకునేవారు. సొంత ఇంటిని ఏడాదిలో 15 రోజులకన్నా తక్కువ అద్దెకిస్తే ఆ అద్దెకు పన్ను లేదన్న నిబంధన అక్కడి చట్టంలో ఉంది. ఇంత పెద్ద నిర్మాణాన్ని వారం రోజుల అద్దె అనడం చెల్లదని అక్కడి పన్ను నిపుణులే అభ్యంతరపెట్టారు. మన చట్టంలో అలాంటి మినహాయింపే లేదు. ఇక్కడ ఒక్క రోజు అద్దె అయినా ఆదాయమే.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మగారి పాత ఇంటిని ఏ పోటీ లేకుండా, ఆమె పరిస్థితి చూసి, ఒక చానల్ బాగుచేయిస్తానంటోంది. దీనికీ అంతే పన్నా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎంపిక ఎలా జరిగిందో ముందు తెలుసుకోండి. వచ్చిన ఉత్తరాల్లోంచి చీటీ తీసి ఎంపిక చేసి ఉంటే అది లాటరీ కిందికే వస్తుంది, 30 శాతం తప్పదు. కేవలం సహాయమే అయితే 56(2)(ఎక్స్) సెక్షన్ చూడాలి. ఏడాదిలో బయటివారి నుంచి ఉచితంగా అందిన నగదు 50,000 రూపాయలు దాటితే మొత్తానికి ఆమె శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. వస్తువుల విషయంలో స్థలాలు, భవనాలు, షేర్లు, నగలు, కళాఖండాల వంటి కొన్నింటినే ఆ సెక్షన్ పేర్కొంది. మంచం, ఫ్రిజ్, టైల్స్ ఆ జాబితాలో లేవు. కాబట్టి డబ్బు అమ్మగారి ఖాతాకు రాకుండా, పనివారికి చానలే నేరుగా చెల్లించడం మేలు. ఇది పోటీ బహుమతి కాదని, ఎంపికలో చీటీలు లేవని చానల్ నుంచి లేఖ తీసుకుని దాచండి. రేపు నోటీసు వస్తే జవాబివ్వడానికి అదే ఆధారం.

పాత గదుల మరమ్మతు వేరు, పైన కొత్త గది వేయడం వేరు. గది వేస్తే నగరపాలక సంస్థ నుంచి ప్లాను అనుమతి కావాలి, విస్తీర్ణం పెరిగినందుకు ఏటా కట్టే ఆస్తి పన్నూ పెరుగుతుంది, ఆ పన్ను చానల్ కట్టదు.