పాత స్పోర్ట్స్ కారు తయారుచేస్తానంటున్న అబ్బాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి కాకినాడలో ఆటోమొబైల్ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాడు. పాతకాలపు కోబ్రా కారు బాడీని ఫైబర్‌తో చేసి, సెకండ్‌హ్యాండ్ స్కార్పియో ఛాసిస్ (అడుగు చట్రం), ఇంజిను మీద కూర్చోబెట్టి అమ్ముతాడట. చదువు మానేస్తానంటున్నాడు. ఇరవై సెంట్ల కొబ్బరితోట అమ్మి పెట్టుబడి పెట్టమని పట్టుబట్టాడు. ఇది పిచ్చా, బతుకుదెరువా? చెప్పగలరు.

జవాబు: తోట అమ్మకండి. చదువు మాననివ్వకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతా జవాబులో నేను చాలావరకు మీ అబ్బాయి పక్షమే.

అతను లోకంలో లేని పనేమీ చెప్పడం లేదు. 1962లో అమెరికన్ రేసర్ క్యారల్ షెల్బీ, ఇంగ్లండులోని ఏసీ కంపెనీ వాళ్ల తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిను పెట్టించాడు. అదే కోబ్రా. అసలువి తయారైంది వెయ్యికి అటూ ఇటుగా మాత్రమే, అందుకే ఇవాళ ఒక్కోటి కోట్లు పలుకుతుంది. అంత పెట్టలేని అభిమానుల కోసం అదే ఆకారానికి కొత్త ఛాసిస్, కొత్త బ్రేకులు, కొత్త ఇంజిను ఇచ్చి చేసే పని ఒక పరిశ్రమగా నిలబడింది. 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ మస్టాంగ్ కారు విడిభాగాలతో బిగించుకునే కిట్లు అమ్మి పెద్దదైంది. దక్షిణాఫ్రికాలో ఇదివరకు పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన సముద్రతీర నగరంలో కోబ్రాలు తయారై అమెరికాకు ఓడల్లో వెళ్తున్నాయి. ఇలాంటి చిన్న తయారీదారులు ఏడాదికి 325 బండ్ల వరకు అమ్ముకోవచ్చని, నకలు చేసే అసలు మోడల్ కనీసం 25 ఏళ్ల కిందటిదై ఉండాలని అమెరికాలో చట్టమే ఉంది.

మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. స్కార్పియో ఛాసిస్ మీద కోబ్రా బాడీ దించితే ఆర్టీవో ఆఫీసులో అది స్కార్పియోగానూ చెల్లదు, కోబ్రాగానూ చెల్లదు. కొత్త మోడల్‌గా అమ్మాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ దగ్గర నమూనా బండికి పరీక్షలు చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. తోట అమ్మిన డబ్బు ఆ గుమ్మం దగ్గరే అయిపోతుంది. అలాగని ఇక్కడ ఎవరూ చేయలేదనుకోకండి. మహారాష్ట్రలోని అలీబాగ్‌లో చింకారా మోటార్స్ వాళ్లు లోటస్ సెవెన్ అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు పోలికతో, ఫైబర్ బాడీ, ఇసుజు 1.8 లీటర్ ఇంజినుతో రోడ్‌స్టర్ (పైకప్పు లేని రెండు సీట్ల కారు) చేశారు.

ఇప్పుడు మీ అబ్బాయికి నేరుగా ఒక మాట. బాబూ, కోబ్రా బరువు సుమారు టన్ను. స్కార్పియో దానికి ఒకటిన్నర రెట్లు పైమాటే. ఆ బరువుకు వేసిన స్ప్రింగులు టన్ను బండి కింద ఉంటే చిన్న గతుకుకే టైరు నేల వదిలేస్తుంది. బ్రేకులూ అంతే. ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అన్న లెక్క పాత బరువుకు కట్టింది కాబట్టి, గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరగొచ్చు. ఎత్తుగా ఉండే ఆ డీజిలు ఇంజిను పల్లపు బానెట్ కింద ఎలా పడుతుందో కొలిచావా? కోబ్రా వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, 2,286 మిల్లీమీటర్లు. నీ ఛాసిస్ ఎంత పొడవుందో టేపు పెట్టి చూడు. పోర్షే 356 అనే పాత స్పోర్ట్స్ కారుకు నకళ్లు చేసేవాళ్లు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అడుగుభాగాన్ని దాదాపు ముప్పై సెంటీమీటర్లు కోసి మళ్లీ అతుకుతారు. గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు, బ్రేకు పైపులు అన్నీ ఆ మేరకు కురచ చేయాల్సిందే. ఈ వృత్తిలో డబ్బు ఈ లెక్కలు తెలిసినవాడికే వస్తుంది. వంపులు చూసి మురిసేవాళ్లు కొనేవాళ్లు.

ఆ లెక్కలు డిప్లొమా మూడో ఏడాదిలో కొంత, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకొంత వస్తాయి. కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ బాహా ఎస్ఏఈ పోటీకి వెళ్లే జట్టు ఉందా అని తప్పకుండా అడుగు. విద్యార్థులే పైపులు వెల్డింగ్ చేసి ఛాసిస్ కట్టి, బండి నడిపి చూపించే పోటీ అది. అక్కడ వెల్డు విరిగితే మార్కులు పోతాయి, ప్రాణం పోదు.

ఫైబర్ పని మాత్రం మన తీరంలోనే నేర్చుకోవచ్చు. వేటకు వెళ్లే ఫైబర్ పడవలు చేసేచోట, పగుళ్లు బాగుచేసేచోట సెలవుల్లో చేరు. జీతం అడక్కు. అచ్చుకు మైనం రుద్ది, గెల్‌కోట్ (బాడీకి బయట కనిపించే నున్నటి పూత) పూసి, అది వేలికి జిగటగా తగులుతూ చేతికి అంటుకోని దశలో మ్యాట్ (గాజుపీచు పరుపు) పరిచి రెజిన్‌తో (గట్టిపడే చిక్కటి ద్రవంతో) తడపాలి. రోలరుతో గాలి బుడగలన్నీ తీయాలి. ఒక్క బుడగ మిగిలినా నాలుగు ఎండలకు అక్కడే పైపూత పగులుతుంది. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనరు సాధారణంగా నూటికి ఒకటి, రెండు పాళ్లు. మన వానాకాలపు తేమలో పని సాగడం లేదని ఎక్కువ పోస్తే రెజిన్ వేడెక్కి బాడీ వంకర తిరుగుతుంది. చేయి తిరిగిన పనివాడు ఆ పూట వాతావరణం చూసి పాళ్లు మారుస్తాడు. ఆ చూపు నీకు ఏ వీడియోలోనూ దొరకదు.

అయ్యా, ఈ రెండు విద్యలూ వచ్చిన కుర్రాడు ఖాళీగా ఉండడు. బస్సు బాడీలు, అంబులెన్సులు, పడవలు, ఎలక్ట్రిక్ బండ్ల ప్యానెళ్లు, హైదరాబాద్, చెన్నైల్లో పాత కార్లు బాగుచేసే షెడ్లు ఉన్నాయి. అక్కడ కొన్నేళ్లు చేశాక సొంతంగా ప్రదర్శనకో, ప్రైవేటు ట్రాకుకో ఒక బండి కడతానంటే అప్పుడు కూర్చుని లెక్క వేసుకోండి. పేరూ బ్యాడ్జీ మాత్రం సొంతవి పెట్టుకోమనండి. తన కార్ల పోలికతో నకళ్లు చేసినవాడిని ఫెరారీ అమెరికా కోర్టుకు లాగి 1991లో అప్పీలులోనూ గెలిచింది.

ఈ వేసవికి పూర్తి బాడీ వద్దు. కోబ్రా ముందు మడ్‌గార్డు ఒక్కటి అచ్చు తీసి చేయమనండి. అయ్యే ఖర్చు మీరు సంతోషంగా ఇవ్వండి. అయ్యాక పైనుంచి కాదు, లోపలి వైపు నుంచి ఫోటో తీసి నాకు పంపమనండి. బుడగలు ఎన్ని మిగిల్చాడో చూసి తర్వాతి సంగతి మాట్లాడతాను.