జాబితాకెక్కితే గ్యాంగేనా?

ప్రశ్న: లండన్ పోలీసుల గ్యాంగ్ జాబితాలో నల్లజాతి కుర్రాళ్లే ఎక్కువట. నేరాలూ వాళ్లవే ఎక్కువనేగా అర్థం?

జవాబు: కాదు. 2011 అల్లర్ల తర్వాత, 2012లో ఆ ‘గ్యాంగ్స్ మ్యాట్రిక్స్’ మొదలైంది. 2017 అక్టోబరు నాటికి అందులో 3,806 పేర్లు. 78 శాతం నల్లజాతివారివి. తీవ్రమైన యువ హింసకు బాధ్యుల్లో వాళ్లు 27 శాతమేనన్నది పోలీసుల లెక్కే!

తేడా ఎక్కడొచ్చింది? ఎవరితో తిరిగాడు, సోషల్ మీడియాలో ఏ వీడియో పెట్టాడు వంటివీ ఆధారాలైపోయాయి. పేదల కాలనీల్లో గస్తీ ఎక్కువ, కాబట్టి పేర్లూ అక్కడివే ఎక్కువ. విచిత్రమేమంటే, గ్యాంగుల దాడుల్లో దెబ్బలు తిన్న పిల్లలూ అందులో ఉన్నారు. 2018లో, జనం వ్యక్తిగత వివరాల రక్షణ చూసే బ్రిటన్ సమాచార కమిషనర్ ఈ జాబితాను తప్పుపట్టారు. 2024లో జాబితా రద్దయింది.

తమ గురించి ఏం రాశారో చూపమని అక్కడ ఎవరైనా పోలీసులను అడగవచ్చు. మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. దర్యాప్తు దెబ్బతింటుందంటూ కొంత దాచిపెట్టే వీలూ వాళ్లకుంది.