రెండో గ్లాసు మీద మూత

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. కథను మూడుసార్లు చదివాను, ఉత్తరాన్ని ఒక్కసారే. అందులో నీ కోపం అర్థం కావడానికి ఒక్కసారి చాలు. ముసలాయన రోజూ పడుకోబోయే ముందు మంచం పక్కన రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకుంటాడని రాశావు. చదివినవాళ్ళలో ఒకరు రెండోది పోయిన భార్య కోసమన్నారు. ఇంకొకరు ఎప్పటికీ రాని కొడుకు కోసమన్నారు. మూడో ఆవిడ మాత్రం ఆయనకు షుగరు, దాహం ఎక్కువ అని తేల్చేసింది. దాంతో నువ్వు కథ చివర ఒక పేరా అతికించి గుట్టంతా విప్పేశావు. 'ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకుంటే ఇక నేను రాసిందేమిటి?' అని నన్ను నిలదీశావు.

జవాబు కన్నా ముందు మా ఇంటి దండెం సంగతి చెబుతాను.

మా అబ్బాయికి ఒక నల్ల టీషర్టు ఉంది. దాని మీద సన్నటి తెల్లగీతలు, ఒకదాని కింద ఒకటి. అంచుల దగ్గర బుద్ధిగా తిన్నగా ఉండి, నడుమకు వచ్చేసరికి ఎగిసెగిసి పడతాయి. ఒకరోజు దాన్ని తలకిందులుగా ఆరేశారు. వసారాలో కాఫీ తాగుతూ అందరం దానివైపే చూస్తున్నాం. కుదురుగా రాని చీర కుచ్చిళ్ళలా ఉన్నాయంది మా ఆవిడ. అంతకు ముందు వారమే గుండె పరీక్ష చేయించుకుని వచ్చిన మా అమ్మ 'నా ఇ.సి.జి. కాగితం వీడి చొక్కా మీదకు ఎలా వచ్చింది?' అంది. (నిజంగానే అడిగిందో, వేళాకోళమాడిందో నాకు ఇప్పటికీ తెలియదు.) నాకు మర్రి ఊడలు కనిపించాయి. మర్నాడు వాడు ఆ చొక్కా తొడుక్కుని ఎదురొస్తే ఊడలు పోయి కొండలు వచ్చాయి. శ్రీశైలం వెళ్ళే బస్సులోంచి తెల్లవారుజామున కనిపించే నల్లమల వరసలే అనుకో.

వాడిని అడిగితే అది ఒక పాటల రికార్డు అట్ట అన్నాడు. ఇంగ్లండులో మాంచెస్టర్‌కు చెందిన జాయ్ డివిజన్ అనే రాక్ బృందం 1979లో విడుదల చేసిన 'అన్‌నోన్ ప్లెజర్స్' అనే ఎల్పీకి పీటర్ సావిల్ అనే డిజైనరు చేసిన అట్ట. ముందువైపు బృందం పేరు లేదు, రికార్డు పేరు లేదు. నల్లటి అట్ట నడుమ ఆ గీతలు, అంతే. పాడినవాళ్ళ మొహం పెద్దదిగా అచ్చువేయడమే ఆచారమైన వ్యాపారంలో అది మొండి ధైర్యం.

ఇంతకీ ఆ గీతలు ఏమిటనుకున్నావు? కొండలూ కావు, కుచ్చిళ్ళూ కావు. మా అమ్మ మాటే అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది. అది ఒక నాడి. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని, రేడియో టెలిస్కోపు రోజుకు దాదాపు 30 మీటర్ల చొప్పున గీసి పారేసే కాగితాన్ని కళ్ళతోనే జల్లెడ పడుతోంది. ఒకచోట చిన్న గజిబిజి కనిపించింది. మరొకరైతే ఏదో అడ్డు తగిలిందిలే అని పక్కకు నెట్టేవారు. ఆమె వదలలేదు. వేగంగా కాగితం నడిపించి చూస్తే ఆ గజిబిజి సుమారు 1.33 సెకన్లకు ఒకసారి, తప్పకుండా కొట్టుకుంటున్న సంకేతమని తేలింది. గ్రహాంతరవాసులేమోనన్న పరాచికంతో దానికి 'చిట్టి ఆకుపచ్చ మనుషులు' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. చూశావా, ఆ గీతల్లో లేనిదాన్ని చూసిన మొదటివాళ్ళు శాస్త్రవేత్తలే! ఆ తరువాత అది పల్సార్ అని తేలింది. చచ్చిపోయిన నక్షత్రం మిగిల్చిన గుండ్రటి గట్టి ముద్ద, గిరగిరా తిరుగుతూ లైట్‌హౌసు దీపంలా మనవైపు రేడియో తరంగాలు విసిరి పోతుంది.

అట్ట మీది బొమ్మ దాని తరువాతి మజిలీ. ప్యూర్టోరికోలోని అరెసీబో టెలిస్కోపుతో అదే పల్సార్‌ను పరిశీలించిన హెరాల్డ్ క్రాఫ్ట్ అనే విద్యార్థి, తన 1970 నాటి పరిశోధనా గ్రంథం కోసం వరసగా వచ్చిన స్పందనలను, అంటే నాడి కొట్టుకున్నట్టు వచ్చే సంకేతాలను, ఒకదాని కింద ఒకటి కంప్యూటర్‌తో గీయించాడు. ఒక్కో గీత ఒక్కో స్పందన. 80 గీతలంటే మొత్తం కలిపి రెండు నిమిషాలైనా కావు. ముందున్న గీత ఎగిసినచోట వెనకున్నది దాని చాటుకు పోయేలా చేశాడు. గీతలు కలగాపులగం కాకూడదని చేసిన ఏర్పాటు అది. మన కంటికి కొండ వెనక కొండ కనిపించేది ఆ చాటు వల్లనే. ఆ బొమ్మ ఒక ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలోకి ఎక్కింది, అక్కడ బృందం కంట్లో పడింది. తెల్ల కాగితం మీద నల్లగీతలుగా ఉన్నదాన్ని సావిల్ నలుపు మీద తెలుపుగా తిరగేశాడు.

ఇప్పుడు నీ కథకు వస్తాను. ఆ బొమ్మలో మసక ఎక్కడైనా ఉందా? ప్రతి గీతా కొలిచి గీసినదే. 'దీన్ని కొండలా చూడండి' అని ఎవరూ కింద రాయలేదు, 'ఏదోలా చూసుకోండి' అని ఎవరూ చెరిపేయనూ లేదు. 'ఇందులో నీకేం కనిపిస్తోంది?' అని అడిగి మనసును పరీక్షించడానికి స్విట్జర్లాండు డాక్టరు రోర్‌షాక్ 1921లో అచ్చువేసిన పది సిరా మరకల అట్టలూ చేయి జారి పడ్డ మరకలు కావు, చూసి చూసి దిద్దుకున్నవి. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథ నువ్వు గుర్తు చేస్తావని తెలుసు. అది వేరు. అక్కడ ఏనుగు ఒకటే, తడిమినవాళ్ళందరూ పొరపడ్డవాళ్ళే. మా దండెం దగ్గర ఎవరూ పొరపడలేదు.

ఇంకో అట్ట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు అతికించిన పేరా అక్కడ పనికొస్తుంది. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం 1971 నాటి రికార్డు 'మెడిల్'. స్నేహితుడి గదిలో మొదటిసారి చూసినప్పుడు నీలం, ఆకుపచ్చ కలిసిన నీళ్ళు, వాటి అడుగున ఏదో వంపు. నేను నత్త అనుకున్నాను, ఒకసారి గుహ అనుకున్నాను. ఆ వారమంతా దాన్ని చూడటానికే వాడి గదికి వెళ్ళాను. చివరికి వాడు అట్ట మడత విప్పి, అడ్డంగా తిప్పి 'ఒరేయ్, ఇది చెవి, నీళ్ళలో చెవి' అన్నాడు. అంతే! నత్త పోయింది, గుహ పోయింది, ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. (అట్ట రూపకర్త స్టార్మ్ థోర్గర్సన్‌కే అది పెద్దగా నచ్చలేదట. ఆయన మొదట కోతి పిరుదుల ఫొటో పెడదామన్నాడట. ఎంత గండం తప్పిందో!)

మరి పల్సార్ సంగతి తెలిసినా నాకు నల్లమల ఎందుకు పోలేదు? చాలా రోజులు ఆలోచించాను. 'చెవి' అన్నది జవాబు, పొడుపుకథ విప్పినట్టు. విప్పాక ఇక పని లేదు. పల్సార్ జవాబు కాదు. కొండల వెనక ఇంకో కొండ వచ్చి చేరింది, అంతే. నువ్వు అతికించిన పేరా చెవి లాంటిది. 'ఆ రెండో గ్లాసు చనిపోయిన కామేశ్వరమ్మ కోసం' అనగానే షుగరు ఆవిడ, కొడుకు ఆవిడ ఇద్దరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నాకైతే షుగరు ఆవిడ వెళ్ళిపోవడమే బాధ. ఆమె ఎవరింట్లోనో రాత్రిపూట నీళ్ళు అందించిన మనిషి.

అయితే దానితో పాటు నువ్వు పంపిన రెండో ప్రతి ఇంకా కంగారు పెట్టింది. అందులో పేరా తీసేశావు, మంచిదే. కానీ గ్లాసు కూడా తీసేసి 'ఏదో పాత్ర' అన్నావు, ముసలాయన 'అతడు' అయ్యాడు, ఊరు పేరు ఎగిరిపోయింది. ఎవరికి ఏది కావాలంటే అది కనిపించాలని కాబోలు. నీ వయసులో నేనూ ఇదే చేశాను. 'ఒక నగరం', 'ఒక మనిషి', 'ఏదో వెలితి' అంటూ పన్నెండు పేజీలు నింపి ఒక పత్రికకు పంపితే, సంపాదకుడు 'ఇందులో ఎవరూ లేరు, ఎవరైనా వచ్చాక పంపండి' అని వెనక్కి తిప్పి పంపాడు. నెల రోజులు అన్నం సహించలేదు. ఆయన ఇప్పుడు లేరు, ఉంటే వెళ్ళి దణ్ణం పెట్టేవాణ్ణి.

కాబట్టి మొదటి ప్రతి తీసుకో. చివరి పేరా కొట్టెయ్. ముసలాయన్ని ఆయన ఊళ్ళో, ఆయన మంచం మీద కూర్చోబెట్టు. ఇక నాకు తెలియక అడుగుతున్నాను: ఆ గ్లాసులు రెండూ ఒకే జతా? స్టీలువా, గాజువా? అంచు దాకా పోస్తాడా? పొద్దున్నే ఆ రెండో గ్లాసు నీళ్ళు ఏం చేస్తాడు, తాగుతాడా, తులసి కోటలో పోస్తాడా? దాని మీద మూత పెడతాడా, పెట్టడా? నువ్వు ఎక్కడా చెప్పలేదు. నీకైనా తెలుసా? చూసి రాయి. ఉత్తరం ఆలస్యమైనా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు